ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ, ఈఈజీ: మెదడు పనితీరు పరిశోధనకు ఏది తగినది?

ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ అయస్కాంతంతో మెదడు చిత్రాలు తీసే స్కానింగ్ పద్ధతి, ఈఈజీ తలపై అమర్చిన ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పద్ధతి. మెదడులో ఒక పని ఎక్కడ జరుగుతోందో తెలియాలా, ఎప్పుడు జరుగుతోందో తెలియాలా అన్నదానిపైనే ఈ ఎంపిక ప్రధానంగా ఆధారపడుతుంది.

కచ్చితత్వం: ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ స్థానాన్ని రెండు మూడు మిల్లీమీటర్ల మేరకు చూపగలదు, అయితే అది కొలిచేది నాడీకణాల సంకేతాలను కాదు, వాటి వెంట రక్తంలోని ఆక్సిజన్‌లో వచ్చే మార్పును, అది పతాకస్థాయికి చేరడానికి సుమారు 5 సెకన్లు పడుతుంది. జర్మన్ మనోవైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషిపై నమోదు చేసిన ఈఈజీ విద్యుత్ మార్పులను మిల్లీసెకన్లలో పట్టుకుంటుంది గాని, పుర్రె ఆ సంకేతాలను చెదరగొడుతుంది కనుక వాటి మూలస్థానాన్ని అంచనా వేయవలసిందే.

ఖర్చు: ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ యంత్రం కోట్లలో, ఈఈజీ పరికరం లక్షల్లో.

శ్రమ: స్కానర్‌లో కదలకుండా పడుకోవాలి, ఈఈజీలో కనురెప్పపాటు సైతం నమోదును కలుషితం చేస్తుంది.

ముప్పు: అయస్కాంతం వల్ల పేస్‌మేకర్ ఉన్నవారిలో చాలామందికి స్కానర్ తగదు. విశ్లేషణలోని ముప్పు అంతకన్నా గడుసుది: మెదడు చిత్రంలోని వేలాది బిందువులను ఒకేసారి పరీక్షించేటప్పుడు, యాదృచ్ఛికంగా వచ్చే తప్పుడు ఫలితాలను వడకట్టే గణాంక సవరణ చేయకపోతే చచ్చిన సాల్మన్ చేప మెదడు కూడా స్పందించినట్టు కనిపిస్తుందని 2009లో అమెరికా పరిశోధకులు చూపారు.

జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ వంటి లోతైన మెదడు భాగాలను పరిశీలించేవారు ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐను, శిశువులను, నిద్రను, మాట వినిన క్షణాన కలిగే స్పందనను పరిశీలించేవారు ఈఈజీని ఎంచుకోవాలి.