డాలీనా, ట్రెయిలరా? పికప్ వెనక చిన్న కారు కట్టుకుని దూరం వెళ్లేవారికి ఏది మేలు?

డాలస్ నుంచి ఫ్రీమాంట్‌కు మారినప్పుడు మా దగ్గర రెండు బళ్లు ఉండేవి: టయోటా టకోమా పికప్ ఒకటి, పాత కరోలా ఒకటి. మా ఆవిడకు అప్పటికి ఫ్రీవే మీద అంత దూరం నడిపే ధైర్యం లేదు. అందుకని కరోలాను పికప్ వెనక డాలీ (ముందు చక్రాలు మాత్రమే ఎక్కే చిన్న బండి) మీద కట్టుకుని బయలుదేరాం. అమరిల్లో, ఆల్బకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్, నీడిల్స్ మీదుగా దాదాపు 1,700 మైళ్లు. రెండేళ్ల తర్వాత మా బావమరిది అదే దారిలో తన కరోలాను ట్రెయిలర్ (నాలుగు చక్రాలూ ఎక్కే బండి) మీద తెచ్చుకున్నాడు. అప్పుడు నేనూ పక్క సీట్లో ఉన్నాను. రెండూ చూశాను కాబట్టి చెబుతున్నాను.

ముందు ఒక లెక్క. లాక్కెళ్తే గ్యాస్ మిగులుతుందని చాలామంది అనుకుంటారు. మిగలదు. ఒంటరిగా గాలన్‌కు 20 మైళ్లిచ్చే పికప్, వెనక ఇంకో బండి ఉంటే 11 కి పడిపోతుంది. అంటే 85 గాలన్లతో అయ్యే ప్రయాణానికి 155 గాలన్లు కావాలి. అదనంగా 70 గాలన్లు. అదే కరోలాను విడిగా నడుపుకుంటే 50 గాలన్లతో చేరిపోతుంది! లాక్కెళ్లడం వల్ల మిగిలేది రెండో డ్రైవర్ ఒక్కరే. ఇంట్లో ఇద్దరూ హాయిగా నడపగలిగితే ఇక్కడితో చదవడం ఆపేసి రెండు బళ్లూ తీయండి.

రెండో డ్రైవర్ లేకపోతే, డాలీ అద్దె తక్కువ, బరువూ తక్కువ. ముందు చక్రాలు డాలీ మీద ఎక్కుతాయి, వెనక చక్రాలు రోడ్డు మీదే దొర్లుతాయి. కరోలా, సివిక్ లాంటివాటిలో ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే కాబట్టి గేర్‌బాక్స్‌కు ఏమీ కాదు. హ్యాండ్ బ్రేక్ దించడం మాత్రం మర్చిపోకూడదు. ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పే సుబారు లాంటి కారును మాత్రం డాలీ ఎక్కించకండి. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి లాగే పద్ధతి కూడా ఉంది కానీ, మన ఆటోమేటిక్ కార్లు చాలావాటికి అది పనికిరాదు. ఇంజిన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్‌లో ఆయిల్ పంపు తిరగదు. చక్రాలు మాత్రం లోపలి భాగాలను తిప్పుతూనే ఉంటాయి. వంద మైళ్లు పోకముందే మాడిపోవచ్చు. మీ కారు మాన్యువల్‌లో అలా లాగవచ్చని రాసి ఉంటే తప్ప ఆ జోలికి పోవద్దు.

డాలీతో అసలు చిక్కు రివర్స్‌లో ఉంది. న్యూ మెక్సికోలో, టుకుమ్‌కారీ దగ్గర గ్యాస్ కొట్టించుకోవడానికి ఆగాం. పంపు దాటాక ముందు ఒక పెద్ద ట్రక్కు అడ్డంగా నిలబడి ఉంది. డ్రైవర్ ఎక్కడున్నాడో తెలియదు. వెనక్కి తీద్దామంటే హిచ్ (పికప్ వెనక డాలీని తగిలించే కొక్కెం) దగ్గర ఒక కీలు, డాలీ మీద కారు తిరిగే చోట ఇంకో కీలు. మూడడుగులు వెనక్కి వచ్చేసరికి మొత్తం పాములా మెలిక పడింది. ఈదురుగాలిలో మా ఆవిడ బాబును ఎత్తుకుని గోడ పక్కన నిలబడింది. నేను పట్టీలు ఒక్కొక్కటీ వదులు చేసి, కారు దించి, డాలీ విప్పి చేత్తో తోసి, అవతల మళ్లీ కట్టాను. నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఎక్కడ ఆగాలన్నా ముందు బయటికి వెళ్లే దారి చూసుకోవడమే పనైపోయింది.

ట్రెయిలర్‌కు కీలు ఒకటే. స్టీరింగ్ కింది భాగం పట్టుకుంటే చెయ్యి ఎటు జరిపితే ట్రెయిలర్ అటు వస్తుంది. ఖాళీ పార్కింగ్‌లో గంటసేపు తిప్పితే చేతికి అలవాటైపోతుంది. పైగా బ్రేకులు. మేం తీసుకున్న డాలీకి బ్రేకులు లేవు. బావమరిది తెచ్చిన ట్రెయిలర్‌కు సర్జ్ బ్రేకులున్నాయి. పికప్ నెమ్మదించగానే వెనక బరువు ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుడుతోనే ట్రెయిలర్ బ్రేకు పడుతుంది. ఫ్లాగ్‌స్టాఫ్ 7,000 అడుగుల ఎత్తున ఉంది, నీడిల్స్ 500 అడుగులు. ఆ దిగుడులో తేడా తెలుస్తుంది. డాలీతో దిగినప్పుడు వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు ఒకటే టెన్షన్. ట్రెయిలర్‌తో తక్కువ గేర్‌లో వదిలేస్తే అదే నిదానంగా దిగింది.

అయితే ట్రెయిలర్ బరువు. ఒట్టి ట్రెయిలరే సుమారు 2,200 పౌండ్లు, కరోలా 2,900, మొత్తం 5,100. బావమరిది టకోమా లాగగలిగేది 6,400 కదా అని ధైర్యపడిపోకండి. డ్రైవర్ తలుపు చట్రం మీద స్టిక్కర్‌లో పికప్ మోయగలిగే బరువు వేరే ఉంటుంది. బావమరిది బండికి అది 1,100 పౌండ్లు. ట్రెయిలర్ బరువులో కనీసం పదోవంతు హిచ్ మీద పడాలి, లేకపోతే వెనక ఊగుతుంది. అది 510. పిల్లలతో కలిపి నలుగురు ఎక్కితే ఇంకో 450. మిగిలేది 140, అంటే ఏడు సోనామసూరి సంచుల బరువు. అందుకే పుస్తకాలు, గిన్నెల పెట్టెలు విడిగా పంపించేసి, పికప్ వెనక ఖాళీగా వదిలాం. బావమరిది కుటుంబాన్ని విమానం ఎక్కించాడు.

కారును ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకు ఇచ్చేయడం మూడో దారి. ఎప్పుడు తీసుకెళ్తారో, ఎప్పుడు దింపుతారో కచ్చితంగా చెప్పరు. అయినా ఇంతకుముందు ఎప్పుడూ ఏదీ లాగనివారు, చలికాలంలో ఫ్లాగ్‌స్టాఫ్ మంచులో వెళ్లాల్సినవారు, పికప్‌లో పసిపిల్లలున్నవారు ఇదే చేయాలని నా గట్టి అభిప్రాయం.

మిగతావారికి, పికప్ బరువుకు తూగితే ట్రెయిలరే. డాలీని ఒక్క పూటలో అయిపోయే దూరాలకు, ముందు చక్రాలతో నడిచే చిన్న కారుకు ఉంచుకోండి. ఏది తీసుకున్నా బయలుదేరిన అయిదారు మైళ్లకే ఒకసారి ఆగి పట్టీలు చూడండి. మేం గట్టిగా బిగించామనుకున్న పట్టీ మొదటిసారి ఆగేసరికి రెండు వేళ్లు దూరేంత వదులైంది. టైర్లు సర్దుకోగానే అలా అవుతుంది. పట్టీ బిగించే రాట్చెట్‌ను మళ్లీ టకటకమని రెండు పళ్లు తిప్పి బిగించి, గ్యాస్‌కు ఆగిన ప్రతిచోటా చూసుకుంటూ వెళ్లాం. కాలిఫోర్నియాలోకి రాగానే ఏది లాగుతున్నా చట్టప్రకారం 55 మైళ్ల వేగం దాటకూడదు.