ఏసీ ‘గ్యాస్ టాప్-అప్’ సర్వీసు: 5కి 2 మార్కులు

ఎండలు ముదరగానే గిరాకీ ఉండే సర్వీసు ఇది. మెకానిక్ గేజ్ తగిలించి సిలిండర్ వాల్వు తిప్పుతాడు, కాసేపటికి గది చల్లబడుతుంది. ఇచ్చిన రెండు మార్కులూ ఆ చల్లదనానికే.

ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోదు. మూసిన రాగి పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. ‘ఏటా నింపించాలి’ అన్నది వట్టి అపోహ. అవుట్‌డోర్ యూనిట్‌కు పైపు బిగించిన ఫ్లేర్ నట్టు (గరాటులా విప్పిన పైపు కొసను, అంటే ఫ్లేర్‌ను, పట్టి ఉంచే నట్టు) చూడండి. చుట్టూ దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు కనిపిస్తే ముందు దాన్నే అనుమానించాలి. కారే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిలూ బయటికొస్తుంది మరి.

టాప్-అప్‌లో ఎగ్గొట్టే పనే అసలు పని. మిగిలిన గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా రికవరీ మెషీన్‌తో సిలిండర్‌లోకి లాగాలి. నైట్రోజన్ ఎక్కించి జాయింట్లకు సబ్బు నురగ రాయాలి. బుడగ లేచిన చోట పైపు కొస కోసి ఫ్లేర్ కొత్తగా కొట్టాలి. ఆపైన వ్యాక్యూమ్ పంపుతో పైపుల్లోని గాలి, తేమ లాగేసి, ప్రెషర్‌ను 500 మైక్రాన్లకు (వ్యాక్యూమ్‌ను కొలిచే ప్రమాణం) దించి, పంపు ఆపాక రీడింగ్ నిలబడుతుందో లేదో చూడాలి. చివరగా నేమ్‌ప్లేట్ మీదున్న బరువు మేరకు తూచి నింపాలి. గేజ్ చూసి ఉజ్జాయింపుగా నింపితే బయటి ఎండనుబట్టి లెక్క తప్పుతుంది.

నేమ్‌ప్లేట్ మీద ఆర్-22 (పాత ఏసీల గ్యాస్) అని ఉంటే లీకు వదిలేయడం మరీ తప్పు. అందులో ఓజోన్ పొరను తినే క్లోరిన్ ఉంది. ‘గాలికన్నా బరువు సార్, ఓజోన్ దాకా ఎక్కడ పోతుంది’ అంటారు కొందరు మెకానిక్‌లు. గాలులు బరువు చూడవు, అన్నిటినీ కలిపేస్తాయి. ఇలాంటి వాయువుల్ని ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లో బెలూన్లతో, విమానాలతో కొలిచారు కూడా. పాత ఫ్రిజ్‌లలోని ఆర్-12తో పోలిస్తే ఆర్-22 హాని సుమారు ఇరవయ్యో వంతే, ఎందుకంటే చాలా భాగం కింది గాలిలోనే విచ్ఛిన్నమవుతుంది. అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం సంగతి 1985లో బయటపడింది, 1987లో ఓజోన్‌కు హాని చేసే రసాయనాల్ని అరికట్టే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. సీఎఫ్‌సీలు (ఆర్-12 లాంటి గ్యాసులు) ఆపాక ఆ పొర మెల్లగా కోలుకుంటోంది. 1980 నాటి స్థాయికి రావడానికి అక్కడ 2066 దాకా పట్టవచ్చని అంచనా.

కొత్త ఏసీల్లోని ఆర్-32 గ్యాస్ ఓజోన్‌కు హాని చేయదు, ఏసీ మీద ఆ మాట చెప్పే స్టిక్కరు నిజమే. కానీ భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 675 రెట్లు. దాన్నీ గాల్లోకి వదలకూడదు. ఆర్-22 మెషీన్‌లో మాత్రం పోయనివ్వకండి: ప్రెషర్ ఒకటిన్నర రెట్లకు పైనే, ఆయిల్ కలవదు, పైగా మండే గుణముంది.

ఫోన్లోనే అడగండి: నైట్రోజన్, వ్యాక్యూమ్ పంపు, తూకం మెషీన్ తెస్తారా? తీసుకురామంటే వేరే వాళ్లను పిలవండి.