కొచ్చి వీకెండ్ ప్యాకేజీ బుక్ చేస్తున్నారా? డబ్బులు కట్టేముందు ఇది చదవండి

ముందే చెప్పేస్తున్నా, ఇది కొచ్చిని తిట్టే పోస్ట్ కాదు. ఊరు బంగారం. ఆ ఊరి పేరు చెప్పి మాకు అంటగట్టిన ప్యాకేజీ గురించే ఈ గోలంతా. ఏజెన్సీ పేరు రాయట్లేదు, కంప్లైంట్ నడుస్తోంది, పైగా ఇలాంటివి వీళ్ళొక్కళ్ళే అమ్ముతున్నారని నేననుకోను.

మా మామయ్యగారు రిటైర్డ్ సోషల్ మాస్టారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి వాస్కో డ గామా పాఠం చెప్పారు గానీ ఆయన్ని పాతిపెట్టిన చర్చి మాత్రం చూళ్ళేదు, ఒక్కసారి చూడాలమ్మా అని ఎప్పట్నుంచో అంటుంటే సరే శుక్రవారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి వచ్చేద్దాం అనుకున్నాం, నేను, మా ఆయన, అత్తయ్య, మామయ్య. సరిగ్గా అప్పుడే రీల్స్ మధ్యలో యాడ్ వచ్చింది. హెరిటేజ్ కొచ్చి, 2 రాత్రులు 3 రోజులు, ఫోర్ట్ కొచ్చి వ్యూ రూమ్, హౌస్‌బోట్, కథాకళి, అన్నీ ఇన్‌క్లూడెడ్. నలుగురికి ఫ్లైట్లు కాకుండా 38,500. ఫోన్ చేస్తే ఎంత మర్యాదగా మాట్లాడాడో. "మీరేం టెన్షన్ పడకండి మేడమ్, పెద్దవాళ్ళున్నారుగా, మా ఇంట్లోవాళ్ళలా చూసుకుంటాం, అడ్వాన్స్ ఒక్కటి ముందు వేసెయ్యండి, ఈ రేటు ఇవాళ రాత్రి వరకే." వేసేశా. 23,000, యూపీఐలో, అదీ కంపెనీ అకౌంట్‌కి కాదు, ఎవరో మనిషి పేరు మీదున్న నంబర్‌కి. స్క్రీన్ మీద ఆ పేరు కనపడింది కూడా, అయినా నొక్కేశా.

ఇక రూమ్. ఫోర్ట్ కొచ్చి వ్యూ అన్నాడు కదా, అబద్ధం చెప్పలేదు పాపం, వ్యూనే ఇచ్చాడు. హోటల్ ఉన్నది ఎర్నాకుళంలో. బాల్కనీలో నిలబడితే నీళ్ళకి అవతల ఎక్కడో మసగ్గా ఒక గీత, అదే ఫోర్ట్ కొచ్చి మేడమ్ అని రిసెప్షన్ కుర్రాడు వేలు పెట్టి చూపించాడు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మోసం మొత్తం ఈ నీళ్ళ దగ్గరే ఉంది. కొచ్చి అంటే మనం ఒక ఊరు అనుకుంటాం కానీ అది నీళ్ళతో విడిపోయిన నాలుగైదు ముక్కలు. రైల్వే స్టేషన్లు, మాల్స్, మెట్రో అంతా ఎర్నాకుళం వైపు. మనం చూడాలని వెళ్ళే పాత రేవు, చర్చి, ఒడ్డున నిలబెట్టి తాళ్ళతో లాగే పెద్ద చైనా వలలు, మట్టాంచేరి, జ్యూ టౌన్ అన్నీ అవతలి ఒడ్డున. మ్యాప్‌లో గీత గీస్తే 4 కిలోమీటర్లే ఉంటుంది, వాళ్ళు యాడ్‌లో వేసేది ఆ లెక్కే. కారులో వెళ్ళాలంటే మాత్రం వెండురుత్తి వంతెన ఎక్కి విల్లింగ్డన్ ఐలాండ్ మీదుగా తోప్పుంపడి తిరిగి వెళ్ళాలి, 12 కిలోమీటర్లపైనే, ఆ ట్రాఫిక్‌లో మాకు గంటకిపైగా పట్టింది. అందుకే ఎవరైనా ఫోర్ట్ కొచ్చికి "దగ్గర", "వ్యూ", "ఎదురుగా" అంటే హోటల్ పేరు కాదు, పూర్తి అడ్రస్ పిన్‌కోడ్‌తో సహా అడగండి, నీళ్ళకి ఏ పక్కనుందో మీరే మ్యాప్‌లో చూసుకోండి.

ఆ ట్రాఫిక్‌లో మామయ్యగారికి మాత్రం హుషారొచ్చింది. ఈ విల్లింగ్డన్ ఐలాండ్ దేవుడు చేసింది కాదమ్మా, రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజినీరు ఓడల కోసం రేవు లోతు చేయిస్తూ తవ్విన మట్టి పోయించి లేపిన దీవి అని మొదలుపెట్టి, అసలు 1341లో పెరియార్‌కి పెద్ద వరద వచ్చింది, దాంతో ముజిరిస్ రేవు దెబ్బతిని ఇక్కడ దారి తెరుచుకుంది, లేకపోతే కొచ్చి ఎక్కడిది అని వెనక్కి వెళ్ళిపోయారు. "మోకాళ్ళు పట్టేశాయి, ఆ పాఠం కాస్త ఆపండి" అంది అత్తయ్య.

శుక్రవారం లిస్టులో మొదటిది మట్టాంచేరి ప్యాలెస్. వెళ్తే గేటు మూసుంది. శుక్రవారం సెలవు! కొత్తగా పెట్టిన సెలవు కాదు, ప్రతి శుక్రవారం అంతే. శనివారం లిస్టులో ఏముందో తెలుసా, పరదేశి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. శనివారం యూదులకి సబ్బాతు, ఆ రోజు టూరిస్టులకి తెరవరు. అంటే ఏది ఏ రోజు మూసుంటుందో సరిగ్గా ఆ రోజే దాన్ని పెట్టారు. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే "అయ్యో మేడమ్, లోకల్ హాలిడే ఏమో, మా చేతుల్లో ఏముంది, దాని బదులు షాపింగ్ పెట్టిస్తాం" అన్నాడు. తెలియక పెట్టారంటే నేను నమ్మను. ఎందుకంటే గేటు మూసుందని తెలిసిన ఐదు నిమిషాల్లో డ్రైవర్ మమ్మల్ని మసాలా షాపులో దింపాడు. దాని తర్వాత చేనేత ఎంపోరియం. దాని తర్వాత ఆయుర్వేదం నూనెలు. ఒక్కోచోట అరగంట తక్కువ కాకుండా. మట్టాంచేరి బజార్‌లో మిరియాలు, యాలకులు కొనుక్కోవడం మంచిదే, ఆ వాసనకే సగం అలసట పోతుంది, కానీ రెండు మూడు చోట్ల రేటు అడిగి కొనండి, తీసుకెళ్ళి దింపిన షాపులో కాదు.

డ్రైవర్ని తిట్టాలనిపించలేదు. రెండోరోజు చాయ్ దగ్గర వచ్చీరాని హిందీలో తనే చెప్పాడు, ఏజెన్సీ ఇచ్చేది డీజిల్‌కే సరిపోదు, షాపులవాళ్ళిచ్చే కమీషన్ మీదే బండి నడుస్తుంది అని. తక్కువ డబ్బులకి ఊరంతా తిప్పుతా అనే ఆటోల్లో కూడా చాలావరకు ఇదే లెక్క, ఎక్కేముందే షాపులొద్దు, డబ్బులు కాస్త ఎక్కువైనా ఇస్తా అని చెప్పేస్తే గొడవుండదు.

శనివారం హౌస్‌బోట్. కొచ్చిలో హౌస్‌బోట్ అని యాడ్‌లో స్పష్టంగా రాశాడు. పొద్దున్నే కారెక్కించి ఒకటిన్నర గంట తీసుకెళ్ళాక అర్థమైంది, మేం వెళ్తున్నది అలప్పుళకి. 50 కిలోమీటర్లపైన దూరం. గదులుండే ఆ కెట్టువళ్ళాలు, అంటే హౌస్‌బోట్లు, ఎక్కువగా తిరిగేది అక్కడే, కొచ్చిలో కాదు, ఇది నేను ముందే చూసుకోవాల్సింది. సరే వచ్చాం కదా అంటే ఎక్కించింది హౌస్‌బోట్ కాదు, పైన రేకు కప్పున్న చిన్న పడవ, గంటసేపు. అడిగితే "మీ ప్యాకేజీలో డే క్రూజ్ అనే ఉంది" అని పీడీఎఫ్‌లో ఆరో పేజీ చూపించాడు. హౌస్‌బోట్ కావాలనుకునేవాళ్ళు అలప్పుళకే విడిగా ఒక రోజు పెట్టుకోండి. రాత్రి బస తీసుకున్నా సాయంత్రం ఐదున్నర దాటాక బోటు తిరగదు, జాలర్లు వలలు వేసుకునే టైం కాబట్టి ఒడ్డుకి కట్టేస్తారు, రాత్రంతా నీళ్ళ మీద తిరుగుతాం అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

తిరిగొచ్చేసరికి చీకటి. కథాకళికి లేటు. ఆటకంటే ముందు వేషం కట్టుకోవడం చూడాలని నాకు మహా ఇష్టం, మొహానికి ఆ పచ్చరంగు పూయడానికే ఎంతసేపు పడుతుందో, అది మొత్తం అయిపోయింది. ఆఖరి ఇరవై నిమిషాలు చూశాం. ఎంట్రీ టికెట్ డబ్బులు కూడా మేమే కట్టాం, ఇన్‌క్లూడెడ్ అంటే ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌క్లూడెడ్ అట.

ఆ రాత్రి మామయ్యగారు ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

ఆదివారం కారొద్దని చెప్పేశాం. హోటల్ నుంచి హైకోర్ట్ జెట్టీకి నడిచి వాటర్ మెట్రో ఎక్కాం, మనిషికి 40 రూపాయలు, ఏసీ బోటు, ఇరవై నిమిషాలు. ఇంతకంటే తక్కువ టికెట్‌తో పాత సర్కారు ఫెర్రీలు కూడా ఉన్నాయి. నలుగురికి 160 రూపాయలతో శుక్రవారం నుంచి వెతుకుతున్న ఒడ్డున దిగాం! పొద్దున చర్చిలో ప్రార్థనలుంటాయని ముందు ఆటోలో మట్టాంచేరి వెళ్ళాం. ప్యాలెస్ తెరిచుంది. పోర్చుగీసువాళ్ళు కట్టించి రాజుకిచ్చారు, 1663లో డచ్చివాళ్ళు వచ్చాక బాగుచేయించారు, అందుకే డచ్ ప్యాలెస్ అంటారు. లోపల గోడల నిండా రామాయణం బొమ్మలు, అత్తయ్య మోకాళ్ళ సంగతే మర్చిపోయి ఒక్కో గోడ దగ్గర ఆగింది. పక్కనే సినగాగ్, 1568 నాటిది, కింద చైనా నుంచి తెప్పించిన నీలం తెలుపు పలకలు. దీనికి శుక్రవారం కూడా వెళ్ళేముందు టైమింగ్స్ కనుక్కోండి.

మధ్యాహ్నం సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. గామా చనిపోయింది 1524 క్రిస్మస్ ముందురోజు, ఇక్కడే పాతిపెట్టారు, 1539లో అస్థికలు పోర్చుగల్ తీసుకెళ్ళిపోయారు. ఇప్పుడున్నది రాయి మాత్రమే, చుట్టూ కమ్మీలు. మామయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని పదినిమిషాలు నిలబడి, "ఇంత చిన్నదా" అన్నారు. అంతే.

చైనా వలల దగ్గర ఒక మాట. సార్ రండి తాడు లాగండి, ఫోటో తీసుకోండి అని పిలుస్తారు, సరదాగా ఉంటుంది, అయ్యాక డబ్బులడుగుతారు. అది వాళ్ళ బతుకుతెరువు, తప్పులేదు, ఎంతివ్వాలో ముందే అడిగి లాగండి.

ఇక డబ్బుల విషయం. ఏజెన్సీ పీడీఎఫ్ చివర్లో చిన్న అక్షరాల్లో, ఐటినరీ ఎప్పుడైనా మార్చే హక్కు మాదే అని ఉంది. అది చూపించి రిఫండ్ లేదన్నారు. 1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి కాల్ చేసి కంప్లైంట్ పెట్టా, యాడ్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ చాట్, పేమెంట్ రసీదు మూడూ ఉన్నాయి కాబట్టి కంప్లైంట్ తీసుకున్నారు. వాయిస్ కాల్‌లో చెప్పినవాటికి మాత్రం నా దగ్గర రుజువు లేదు. మీరు అన్నీ చాట్‌లో రాయించుకోండి, హోటల్‌కి మీరే ఫోన్ చేసి మీ పేరు మీద బుకింగ్ ఉందో లేదో అడగండి. అసలు డబ్బు కట్టాక మనిషే మాయమైతే అది 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి వెంటనే చెయ్యాల్సిన కాల్, ఎంత లేటైతే అంత కష్టం.

కంప్లైంట్ వెళ్ళాక అదే మర్యాదస్తుడు ఫోన్ చేశాడు. మేడమ్, మీరు పెట్టిన రివ్యూ తీసేయండి, 4,000 వెనక్కి వేస్తాం అన్నాడు. ముందు డబ్బులు వెయ్యి బాబూ, ఈ ఆఫర్ ఇవాళ రాత్రి వరకే అన్నాను. ఫోన్ పెట్టేశాడు.