తొలిచూలు సంక్రాంతి: పుట్టింట్లోనా, తిరుపతిలోనా?

మా తోడికోడలికి తొలిచూలు. ఈ భోగికి 36 వారాలు నిండుతాయి. పుట్టిల్లు పలమనేరు, కాపురం తిరుపతిలో, మా వీధిలోనే. పోయిన వారం వచ్చి, "అక్కా, పండక్కి అమ్మోళ్ళింటికి పోవాలని ఉంది. అత్తమ్మ వద్దంటాంది. నువ్వు పోయినావు కదా, ఏది మేలు?" అని అడిగింది.

నేను పోయిన మాట నిజమే. రెండేళ్ళ కిందట, 33వ వారంలో, పాకాల దగ్గర మా పల్లెకు పోయి మూడు రోజులూ ఉండి వచ్చాను. అట్లని నాకు కుదిరింది ఆమెకూ కుదురుతుందని చెప్పలేను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పుట్టింటి సంగతి. సుఖమంటే ఏమిటని నన్నడిగితే మధ్యాహ్నం మూడింటికి ఎవరికీ చెప్పకుండా పోయి పడుకోవడం అంటాను. ఎనిమిదో నెలలో అంతకన్నా పెద్ద సుఖం లేదు. అత్తగారింట్లో పడుకుంటే ఎవరూ ఏమీ అనరు, మా అత్త మంచిదే. కానీ మనకే మనసొప్పదు. వంటింట్లో గిన్నె చప్పుడైతే లేచి కూర్చుంటాం. అమ్మ దగ్గర ఆ గిన్నె చప్పుడే జోలపాట.

సంక్రాంతి వేళకు మా వైపు అనపకాయలు, అంటే చిక్కుడు జాతి కాయలు, విరగకాస్తాయి. గింజలు వొలిచి రాత్రంతా నానబెట్టి, తెల్లారి ఒక్కొక్క గింజనూ వేళ్ళ మధ్య పెట్టి పితికితే తోలు చేతిలో ఉండిపోతుంది, పప్పు టప్పున గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. ఆ పండక్కి నాకిచ్చిన పని అదొక్కటే. వసారాలో గోడకు ఆనుకుని, నడుము కింద దిండు పెట్టుకుని, కాళ్ళు చాపుకుని రెండు గంటలు పితికాను. పక్కన మా అవ్వ. నేను పది పితికేలోపు ఆమె ముప్పై పితుకుతుంది. ఒక గింజ గిన్నె దాటి నా కడుపు మీద పడింది, లోపల్నుంచి వాడు ఒక తన్ను తన్నాడు, గింజ ఎగిరి కింద పడింది. అవ్వ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు తిరుపతిలో దొరికేది కాదు.

పుట్టింట్లో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. మొదటిది తిండి. అరిసెలు, కజ్జికాయలు, చక్కెర పొంగలి, అన్నీ "ఇద్దరి కోసం" తినాలట. 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజు తాగించి రక్తపరీక్ష చేస్తారు కదా, రెండు గంటల తర్వాత 140 గానీ ఆపైన గానీ వస్తే గర్భిణుల్లో వచ్చే షుగరు కింద లెక్క. నాకు 136 వచ్చింది. గీత దాటలేదు గానీ గీత మీదే నిలబడి ఉన్నాను. ఈ లెక్క మా పెద్దమ్మకు ఎట్లా చెప్పాలి? రోజుకు ఒక్క అరిసె, అదీ భోజనం తర్వాతనే అని అమ్మతో ముందే ఒప్పందం చేసుకున్నాను. అమ్మ నా తరఫున పోట్లాడింది. ఇక పాలు. మాది పాడి ఇల్లు. పిండిన పాలు పిండినట్టే గ్లాసులో పోసి ఇవ్వడం మా నాయనకు మురిపెం. కడుపుతో ఉన్నప్పుడు పచ్చిపాలు మంచిది కాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కాచి ఇవ్వమంటే నాయన ముఖం చిన్నబోయింది. తప్పదు. భోగిమంట దగ్గరికి నేను పోలేదు. పాత టైర్లు కూడా వేస్తారు మా కుర్రాళ్ళు, ఆ నల్లటి పొగ మామూలువాళ్ళకే పనికిరాదు. రాత్రిళ్ళు మరుగుదొడ్డికి పెరడు దాటి పోవాలి. ఎనిమిదో నెలలో అది రాత్రికి నాలుగుసార్లు. నాయన దారి పొడవునా లైటు కట్టించాడు.

కనుమ నాడు మాత్రం భయపడ్డాను. మా దిక్కు దాన్ని పశువుల పండగ అనే అంటారు. పొద్దున పశువులకు ఉప్పుచెక్క మింగించడం, కొమ్ములకు రంగులు, సాయంత్రం చిట్లాకుప్ప మంట. ఇంట్లో అందరూ ఆ సందట్లో ఉన్నారు. మధ్యాహ్నం రెండింటికి గుర్తొచ్చింది, పొద్దుట్నుంచీ బిడ్డ కదిలినట్టు లేదు. నీళ్ళు తాగి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. గంట గడిచింది. ఏదో అలికిడి, అంతే. పొరుగింటి ఆమె "తీపి తినమ్మా, అదే కదుల్తుంది" అంది. ఆ మాట వింటూ కూర్చోకపోవడమే నేను చేసిన తెలివైన పని. చిత్తూరుకు 30 కిలోమీటర్లు. తెలిసిన ఆసుపత్రికి పోతే డాక్టరు పండక్కి సొంతూరు పోయాడు. నర్సు గుండె చప్పుడు వినిపించి, "ఉంది, కానీ మిషను పెట్టి చూసేదానికి ఎవరూ లేరు" అంది. రెండో ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఉన్నాడు. ఫైలు ఏదన్నాడు. ఫైలు తిరుపతిలో బీరువాలో ఉంది! రక్తం గ్రూపు, స్కానింగులు, షుగరు లెక్కలు, అన్నీ అక్కడే. నోటికి గుర్తున్నది చెప్పాను. ఇరవై నిమిషాలు బెల్టు కట్టి గుండె కొట్టుకునే తీరు చూసి, బాగానే ఉంది పొమ్మన్నాడు. ఇంటికి వచ్చేసరికి చిట్లాకుప్ప బూడిదయింది.

పుట్టిల్లు తప్పని ఈ కథ చెప్పడం లేదు. అదే తిరుపతిలో అయితే ఆ తిరుగుడు ఉండేది కాదు, అంతే. ఇక్కడ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది, రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులు ఉన్నాయి. పండగైనా పబ్బమైనా ఎవరో ఒకరు డ్యూటీలో ఉంటారు. చిత్తూరు వాళ్ళకు పెద్ద కేసంటే తమిళనాడులోని రాయవేలూరు (వెల్లూరు) దిక్కు. అది దూరమేమీ కాదు గానీ, రాష్ట్రం దాటి కొత్త ఆసుపత్రిలో కొత్త డాక్టరుకు మొదట్నుంచీ చెప్పుకోవాలి.

అయితే తిరుపతిలో ఉంటే విశ్రాంతి దొరుకుతుందనుకుంటే పొరపాటే. తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు తెలుసు. పండగ సెలవులొస్తే చుట్టాలు కొండకు వస్తారు, కొండకు వచ్చినవాళ్ళు ఇంటికి రాకుండా పోరు. "దర్శనం చేసుకుని అట్లా వచ్చి పోతాం" అంటారు. అట్లా రావడమంటే తెల్లవారుజామున రెండింటికి గీజరు వేయడం, పన్నెండు మందికి ఉప్మా, హాల్లో చాపలు, ఒకే బాత్‌రూము. వైకుంఠ ద్వార దర్శనాలు పది రోజులుంటాయి. అవి సంక్రాంతికి ఆనుకుని వచ్చిన ఏడాదైతే ఇక చెప్పక్కర్లేదు. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉందని చుట్టాలకు ముందే చెప్పేసే పని ఆమె మీద పెట్టకూడదు, అత్తో మొగుడో చెప్పాలి. మా ఆయన ఆ ఏడు చెప్పలేదు. కాబట్టి నేను ఊరికి పోయాను. నిజం చెప్పాలంటే సగం కారణం అదే.

పోనీ మనమే కొండకు పోయి మొక్కుకుందామా అంటే, వద్దు. 2025 జనవరి 8 రాత్రి ఇదే ఊళ్ళో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డవాళ్ళలో ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. బిడ్డ పుట్టాక, ఏడాది నిండేలోపు, చంటిబిడ్డతో తల్లిదండ్రులకు కొండ మీద సుపథం అనే దారి నుంచి ప్రత్యేక ప్రవేశం ఉంటుంది. స్వామి ఎక్కడికీ పోడు, అప్పుడే పోవచ్చు.

మూడో దారి, అమ్మనే తిరుపతికి రమ్మనడం. వినడానికి బాగుంటుంది. రెండు పూటలా పాలు పిండే ఇంట్లో కనుమ నాడు ఆవుల్ని వదిలి ఎవరొస్తారు? పాడి లేని ఇల్లయితే, అత్తకూ అమ్మకూ పొసిగితే, నన్నడిగితే ఇదే అన్నిటికన్నా మంచిది.

ప్రయాణం విషయం. పాకాల అంటే తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల పైచిలుకు, నిదానంగా పోయినా గంటన్నర. మేము కారులో పోయాం, సీటు బెల్టు కడుపు మీదుగా కాకుండా కిందగా, తొడల మీదుగా పెట్టుకున్నాను. తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయే రైలు మార్గం కూడా ఉంది. సీటు దొరికితే అదీ మంచిదే, లేచి నడవొచ్చు, బాత్‌రూము ఉంటుంది. పండగ రద్దీలో బస్సు మాత్రం వద్దు. కనుమ పూట తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. చంద్రగిరి దగ్గర రంగంపేటలో ఎద్దుల పరుగు చూడటానికి వచ్చే జనంతో ఆ దిక్కంతా నిండిపోతుంది.

ఇప్పుడు మా తోడికోడలి ప్రశ్న. నేనడిగింది ఒక్కటే, కాన్పు ఎక్కడ అనుకున్నారు? ఇక్కడే, చూపించుకుంటున్న డాక్టరు దగ్గరే అంది. అయితే పండగ కూడా ఇక్కడే. నాకు 33 వారాలు, గంటన్నర దారి. ఆమెకు 36, పలమనేరు వంద కిలోమీటర్ల పైన, మధ్యలో మొగిలి ఘాటు. 36 దాటాక వారం వారం చూపించుకోవాలి, నొప్పులు ఏ రోజైనా రావొచ్చు. అదే కాన్పు పలమనేరులోనో చిత్తూరులోనో అనుకుని ఉంటే, పండగ దాకా ఆగడం కూడా తప్పే, ఇప్పుడే ఫైలంతా పట్టుకుని పోయి అక్కడి డాక్టరుకు చూపించుకోవాలి. ఇటు కాన్పు, అటు పండగ అని రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమే నాకు నచ్చదు. ఆరేడు నెలల్లో ఉన్నవాళ్ళకు ఈ గొడవే లేదు. డాక్టరు సరేనంటే హాయిగా పుట్టింటికి పోండి, ఫైలు మాత్రం బ్యాగులో పెట్టుకోండి.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ బాధేసింది. అత్తమ్మతో నేనే మాట్లాడాను. చుట్టాలు ఎవరొచ్చినా ఈసారి మా ఇంట్లో దిగుతారు, ఆమె వాకిలి తొక్కరు. వాళ్ళమ్మకు ఫోను చేస్తే ఆమె తిట్టుకోలేదు, "అనపకాయలు వొలిచి, పితికి, డబ్బాలో పెట్టి కండక్టరు చేతికిస్తాను, బస్టాండుకు ఎవరొస్తారు?" అని అడిగింది. భోగి పొద్దున మా మరిది పోతున్నాడు.