చదువు అప్పు తీరకముందే ఇల్లు కొని, ఓవర్‌డ్రాఫ్ట్ హోమ్ లోన్ వాడాక

రేటు, ఇఎంఐ, ప్రాసెసింగ్ ఫీజు సంగతులు వదిలేస్తున్నా, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఈ లోన్‌లో నాకు తెగ నచ్చింది ఒక్కటే: ఇఎంఐకి మించి కట్టిన డబ్బు మళ్లీ తీసుకోవచ్చు. మిగిలిన జీతమో బోనసో లోన్ ఖాతాలో పడేస్తే, అది అక్కడ ఉన్నన్ని రోజులూ ఆ మేరకు వడ్డీ పడదు, అవసరమొస్తే వెనక్కి తీసుకోవడమే.

2021 చివర్లో హైదరాబాద్ నిజాంపేటలో 48 లక్షలకు ఎవరో ఉండి ఖాళీ చేసిన ఫ్లాట్ కొన్నాం. లోన్ 30 లక్షలు దాటితే బ్యాంకు 80 శాతం మించి ఇవ్వదు, రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలపదు. ఆ జులైలోనే తెలంగాణలో ఆ ఖర్చంతా కలిపి 6 నుంచి 7.5 శాతానికి పెంచారు. పదమూడు లక్షల పైన మేమే తేవాలి. పీఎఫ్ అడ్వాన్సు, నాన్న పాడిన చీటీ, మా ఆవిడ గాజులు, అన్నీ ఊడ్చిపెట్టాం. పైగా నా ఎడ్యుకేషన్ లోన్ ఇంకా పదకొండు లక్షలుంది. దాని ఇఎంఐ తీసేస్తే నా ఒక్కడి జీతానికి అర్హత చాల్లేదు, ఆవిడని కో-అప్లికెంట్‌గా పెట్టాకే శాంక్షన్ అయింది.

బోనస్ వస్తే ముందు చదువు అప్పు తీర్చెయ్, దానికే వడ్డీ ఎక్కువ కదా అని అందరూ చెప్పారు. లెక్కకి అది కరెక్టే. కానీ అందులో కట్టింది మళ్లీ చేతికి రాదు, రేపు ఉద్యోగం పోతే ఏంటనేదే మా టెన్షన్. పాత పన్ను విధానంలో ఉన్నాను కాబట్టి అప్పటి ఆదాయపన్ను చట్టంలోని 80ఇ కింద ఆ వడ్డీ మొత్తానికి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది (కొత్త విధానంలో లేదు). అందుకే మిగిలిందంతా ఈ హోమ్ లోన్‌లోనే వేస్తూ వచ్చా.

ఇక అసలు కథ. ఒక రెండో శనివారం పొద్దున నాన్నకి గుండెనొప్పి. స్టెంట్ వేయాలి, ముందు లక్షన్నర కట్టమన్నారు, ఆయనకి ఇన్సూరెన్స్ లేదు. యాప్ తెరిస్తే తీసుకోవడానికి మూడు లక్షల చిల్లర కనిపిస్తోంది, ట్రాన్స్‌ఫర్ నొక్కితే అనుమతి లేదంటోంది. కస్టమర్ కేర్‌కి చేస్తే, "సార్, మీకు వ్యూ రైట్సే ఉన్నాయి, ట్రాన్సాక్షన్ రైట్స్ కావాలంటే ఇద్దరూ బ్రాంచికొచ్చి ఫారం ఇవ్వాలి, సోమవారం రండి" అంది తాపీగా. లోన్ రోజున అంగుళం మందం కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నవాళ్లు ఈ ఒక్క ఫారం గురించి నోరు విప్పలేదు! చెక్‌బుక్ ఉంది గానీ ఆస్పత్రి కౌంటర్‌లో "చెక్కులు తీసుకోం" అన్నారు. బావ యూపీఐలో లక్ష, తోడల్లుడు యాభై వేలు పంపితే గట్టెక్కాం. ఫారం ఇచ్చాక ఆ వారంలోనే డబ్బు తీసి ఇద్దరికీ తిరిగిచ్చేశా, పర్సనల్ లోన్ జోలికి పోలేదు. తర్వాత ట్రాన్స్‌ఫర్ ఎప్పుడూ ఆగలేదు.

పైన పొగిడా గానీ, మామూలు హోమ్ లోన్ కంటే దీనికి మాకు పావు శాతం ఎక్కువ వేశారు. 38 లక్షల మీద అది ఏడాదికి తొమ్మిది వేల పైచిలుకు. లక్షా లక్షన్నర ఎప్పుడూ అందులో ఉంటేనే గిట్టుబాటు, మొదట్లో మా దగ్గర వేయడానికి ఏముంది గనక! 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, దాన్ని బట్టే మా రేటూ పెరిగేది) 4 నుంచి 6.5 శాతానికి ఎక్కి లోన్ గడువు సాగుతుంటే ఆ పావు శాతం ఇంకా మండేది. ఇందులో దాచిన డబ్బు 80సి లెక్కలోకి (లోన్ అసలు కట్టినందుకు ఇచ్చే పన్ను మినహాయింపు) రాదు. కళ్లెదుట అంత డబ్బు కనిపిస్తుంటే కాళ్లు కార్ల షోరూం వైపు లాగుతాయి, అదొకటి.

మాకు రెండు జీతాలున్నాయి, పిల్లలింకా లేరు కాబట్టి సరిపోయింది. ఒక్క జీతంతో నడిచే ఇంట్లో అయితే మొదటి రెండేళ్లు మామూలు లోనే నయమేమో, నాకైతే తెలీదు. తీసుకుంటే మాత్రం ఆ ఫారం సంతకాల రోజే అడిగి ఇచ్చేసి, వెయ్యి రూపాయలు వేసి తీసి చూసుకోండి.