బొమ్మ ఇటుకలతో హాట్ రాడ్ కార్లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

హాట్ రాడ్ అంటే పాత కారులో బరువు పెంచేవన్నీ పీకేసి, రూఫ్ కోసి కిందికి దించి, మంచి ఇంజన్ బిగించి వేగం కోసం తయారుచేసుకున్న బండి. కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సుల మీద కుర్రాళ్లు ఇలాంటి బళ్లతో పందేలు వేసుకునేవాళ్లు. లెగో ఇటుకలతో చాలా రకాల కార్లు కట్టాను. వాటన్నిటిలో ఇటుకలకు బాగా నప్పేది హాట్ రాడే. కొత్త స్పోర్ట్స్ కారు ఒంటి నిండా వంపులే, ఎంత కష్టపడినా మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. హాట్ రాడ్లకు ఎక్కువగా వాడే 1932 ఫోర్డ్‌కేమో నిటారు గ్రిల్, చదునైన తలుపులు, మూత తీసేస్తే బయటికే కనిపించే ఇంజన్.

ఆ ఫోర్డ్ ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 106 అంగుళాలు. ఇటుక మీద బొడిపెకూ బొడిపెకూ మధ్య 8 మిల్లీమీటర్లు. అంటే ఇరుసుల మధ్య 16 బొడిపెల దూరం పెడితే దాదాపు 1:21 స్కేల్, అసలు కారులో 21వ వంతు. నేను ఎక్కువగా ఈ సైజులోనే కడతాను. ఇంతకన్నా చిన్నదైతే ఇంజన్‌లో ఏమీ చూపించలేం.

రూఫ్ దగ్గర కొంచెం ఓపిక కావాలి. ఒక ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, ప్లేట్ అనే సన్నటి ముక్కది అందులో మూడో వంతు, 3.2. ఒక ఇటుక వరస తీసేస్తే అసలు కారు రూఫ్‌ని 20 సెంటీమీటర్లు కోసినట్టు. అది మరీ ఎక్కువ, లోపల మనిషి పట్టడు. రెండు ప్లేట్లు తగ్గిస్తే 13 సెంటీమీటర్ల చిల్లర. బండికి ఆ కోపపు చూపు సరిగ్గా అక్కడే వస్తుంది. ముందుకి వాలిన భంగిమ కోసం కీళ్లు, వంకర ముక్కలు అక్కర్లేదు. ముందు చిన్న టైర్లు, వెనక పెద్ద టైర్లు వేస్తే చాసిస్ దానంతటదే వాలుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇంజన్. ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8లో (V ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న పాత ఫోర్డ్ ఇంజన్) రెండు సిలిండర్ వరసల మధ్య 90 డిగ్రీలు. టక్‌మని ఆగే కీలు ముక్కలు 22.5 డిగ్రీల చొప్పున తిరుగుతాయి, కాబట్టి ఒక్కో వైపు రెండు టక్కులు చాలు, లెక్క కుదురుతుంది. పైగా ఆ ఇంజన్‌లో ఒక్కో వరసలో మధ్య రెండు సిలిండర్లకు కలిపి ఒకటే ఎగ్జాస్ట్ దారి. అంటే ఒక్కో వైపు మూడు పైపులే. నాలుగేసి పెట్టిన మోడళ్లు చూస్తే నాకు మనసొప్పదు. గ్రిల్ మాత్రం ముక్కల్ని పక్కకి తిప్పి కట్టాలి. ఐదు ప్లేట్ల మందం, రెండు బొడిపెల వెడల్పు రెండూ 16 మిల్లీమీటర్లే. ఇది గుర్తుంటే పక్కకి తిప్పిన భాగం సందు లేకుండా కూర్చుంటుంది.

మన్నిక సంగతి: ఇటుకల పట్టు ఇప్పటికీ బాగుంది, ఎన్నిసార్లు విప్పి కట్టినా. ఎండ తగిలే చోట పెట్టిన తెల్ల ముక్కలు పసుపెక్కాయి. క్రోమ్ పూత ముక్కలు చూడ్డానికి అద్భుతం, కానీ పదే పదే చేత్తో పట్టుకుంటే పూత పోతుంది. అందుకే ఇప్పుడు వాటిని ఆఖర్న బిగిస్తున్నాను. వేరే తయారీ ఇటుకలు కొన్ని కలిపి చూశాను. నలుపులో తేడా రాలేదు గానీ ఎరుపులో బాగా తెలిసిపోయింది, తలుపు ఒక రంగు, బాడీ ఒక రంగు.

సొంత డిజైన్‌కి ముందు ఎవరైనా ఒక మంచి సెట్ కట్టి, విప్పి చూడాలి. 1995లో వచ్చిన లెగో హాట్ రాడ్ సెట్ బ్లూ ఫ్యూరీ, నంబర్ 5541, నా దృష్టిలో ఇప్పటికీ మంచి పాఠం. 2004లో దాన్నే 10151 నంబర్‌తో మళ్లీ తెచ్చారు. ఆ తర్వాత సొంతంగా కట్టేటప్పుడు ముందు టైర్లు ఎంచుకోండి. బాడీ కట్టేశాక టైర్లు వెతికితే మడ్‌గార్డులూ ఎత్తూ అన్నీ మళ్లీ మార్చాల్సి వస్తుంది.