వెనక ఖాళీ పేజీలున్న పాకెట్ గీత

నాన్నకు పక్షవాతం వచ్చి 14 నెలలు. మంచం మీదున్న మనిషికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. రాత్రి ఆ డ్యూటీ నాదే. ఒకసారి లేచాక నిద్ర పట్టదు, ఫోన్ పట్టుకుంటే తెల్లారిపోతుంది. అందుకని అరచేతిలో పట్టే భగవద్గీత ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఏడాదిగా వాడుతున్నాను కాబట్టి నాలుగు మాటలు రాయొచ్చనుకుంటా.

ముందు పుస్తకం సంగతి. 700 శ్లోకాలూ, ప్రతిపదార్థం, తాత్పర్యం అన్నీ ఇందులోనే కుక్కారు. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి, నలభై దాటితే కళ్లజోడుతో కూడా కష్టమే. కాగితం పల్చన, టార్చ్ వేస్తే వెనక పేజీ కనిపిస్తుంది. రిబ్బన్ మూడో వారానికే ఊడింది. బైండింగ్ మాత్రం గట్టిది. రెండో అధ్యాయం దగ్గర ఎన్నిసార్లు విరిచి తెరిచానో, ఒక్క పేజీ ఊడి రాలేదు.

అక్కడ 14వ శ్లోకంలో, చలీ వేడీ సుఖం దుఃఖం వచ్చిపోయేవి, ‘తితిక్షస్వ’, ఓర్చుకో అంటాడు కృష్ణుడు. మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు మండింది. ఓర్చుకో అనడానికేం! నిజానికి నాకు బరువైంది నాన్న కాదు, అన్నయ్య. పుస్తకం చివర నాలుగు ఖాళీ పేజీలిచ్చారు, శ్లోకాలు రాసుకోమని కాబోలు. నేను అన్నయ్య ఫోన్ చేసిన తేదీలు రాసేవాణ్ణి. తేదీ, పక్కన ఎన్ని నిమిషాలో. గీత వెనక పద్దుల పుస్తకం!

ఆ శ్లోకం కింద ఫుట్‌నోట్‌లో, శంకరాచార్యుల పేరిట ఉన్న వివేకచూడామణి నుంచి తితిక్షకు నిర్వచనం ఇచ్చారు. దుఃఖాలన్నిటినీ ప్రతీకారం లేకుండా, చింతా విలాపం లేకుండా సహించడం. ఇక్కడ రాసినాయన కొంచెం జాగ్రత్తపడాల్సింది. తెలుగులో ప్రతీకారమంటే పగ తీర్చుకోవడం. సంస్కృతంలో దానికి విరుగుడు అనీ అర్థం ఉంది. విరుగుడు వద్దంటే మరి ఫిజియోథెరపీ మానేయాలా? వ్యాఖ్యలో దీనికి జవాబు లేదు, మూలంలోనే దొరికింది. సరిగ్గా నాలుగు శ్లోకాల తర్వాత, 18లో, ‘యుధ్యస్వ’ అంటాడు. ఓర్చుకోమన్న నోటితోనే యుద్ధం చెయ్యమన్నాడు. సరే, మందులూ వ్యాయామాలూ ఆగక్కర్లేదు. ఇక మిగిలింది విలాపం. నా పద్దు విలాపమే, కాకపోతే అంకెల్లో.

ఒక్క రాత్రిలో ఆగిపోలేదు. ఓ రోజు అన్నయ్యతో మాట్లాడి ఫోన్ పెట్టేసి, అలవాటుగా పెన్ను తీసి తేదీ వేశాను. నిమిషాలు వేయబోతే గుర్తు రాలేదు. గడియారం చూడకుండా మాట్లాడానన్నమాట. ఆ వరుస ఇప్పటికీ అలాగే సగంలో ఉంది.

ఒకచోట తాత్పర్యం బాగా చిరాకు తెప్పించింది. రోగాలన్నీ పూర్వజన్మ పాపఫలమేనని మూడు వాక్యాల్లో తేల్చేశారు. శ్లోకంలో ఆ మాట లేదు. మంచం పక్కన కూర్చుని చదివేవాడికి ఎలా గుచ్చుకుంటుందో ఆలోచించలేదు. ప్రారబ్ధం అని నా గురించి నేను అనుకుంటాను, నాన్న మంచం చూపించి ఇంకొకరు అంటే ఊరుకోను.

12వ అధ్యాయం మాత్రం బాగా విడమర్చి రాశారు. 13వ శ్లోకంలో భక్తుడి లక్షణాలు మొదలయ్యేదే ‘అద్వేష్టా’ అన్న మాటతో. ఏ ప్రాణినీ ద్వేషించనివాడు. ప్రాణుల్లో అన్నయ్య కూడా వస్తాడని మార్జిన్‌లో రాసుకున్నాను.

ఐదుకి మూడున్నర ఇస్తాను. నాలుగు ఇవ్వాల్సింది, ఆ అర తగ్గింది పూర్తిగా అక్షరాల వల్లే. ఈ మధ్య పెద్దక్షరాల ప్రతి ఇంకొకటి కొన్నాను, కళ్లకు హాయిగా ఉంది. దాని చివర ఖాళీ పేజీలు లేవు. ఒక్కోసారి అర్ధరాత్రి వాటి కోసం వెనక్కి తిప్పి చూస్తుంటాను.